ఇంగ్లండ్ పల్లెల్లో మొదటిసారి టెంట్ వేసుకుని ఉండాలంటే: ముందు రాత్రి సంగతి చూసుకోండి

ఇంగ్లండ్‌లో ఉంటున్న మన తెలుగువాళ్ళలో చాలామంది కొండలూ లోయలూ ఉన్న పీక్ డిస్ట్రిక్ట్‌కో లేక్ డిస్ట్రిక్ట్‌కో ఒక్కసారైనా వెళ్ళే ఉంటారు. పొద్దున్నే పులిహోర కలుపుకుని, పిల్లల్ని కారెక్కించి, రెండుమూడు గంటలు డ్రైవ్ చేసి, పార్కింగ్ కోసం ఇంకో అరగంట తిరిగి, నాలుగు ఫొటోలు దిగి, చీకటి పడకముందే మళ్ళీ మోటార్‌వే ఎక్కేస్తాం. నేనూ ఐదేళ్ళు అలాగే చేశాను. ఒక రాత్రి అక్కడే పడుకుని, పొద్దున్నే గొర్రెల అరుపులకి లేచాకగానీ ఆ లోయలు ఎలా ఉంటాయో నాకు తెలియలేదు. పగటిపూట వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, సాయంత్రం ఏడు నుంచి మర్నాడు పొద్దున తొమ్మిది దాకా, ఆ ఊరు వేరే ఊరు.

అలా ఉండి రావాలనుకునే కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. అన్నిటికన్నా ముందు ఒక మాట చెప్తాను, మిగతాదంతా దాని చుట్టూనే ఉంటుంది: ప్లాన్ పగటి గురించి వేయకండి, రాత్రి గురించి వేయండి. కొండలూ వాగులూ ఎక్కడికీ పోవు, వాటికి మన ప్లాన్ అక్కర్లేదు. కానీ అర్ధరాత్రి రెండింటికి పిల్లాడు చలికి లేచి ఏడ్చాడంటే మర్నాడు ఏ కొండా ఎక్కలేరు.

మాకు జరిగింది అదే. మే నెలాఖరు, హాఫ్ టర్మ్ సెలవులు. పగలంతా ఎండ, టీషర్టులతో తిరిగాం. రాత్రి టెంట్‌లో గాలి కొట్టే పరుపు వేసి, ఇంట్లోవి రెండు బొంతలు కప్పుకున్నాం. అర్ధరాత్రి దాటాక కింద నుంచి చలి మొదలైంది. పైన ఎన్ని కప్పుకున్నా వీపు మాత్రం చన్నీళ్ళలో పెట్టినట్టే ఉంది. మూడింటికి మా చిన్నది పళ్ళు టకటకలాడుతుంటే లేచి కూర్చుంది. చివరికి నలుగురం కారులో హీటర్ వేసుకుని తెల్లారేదాకా ముడుచుకుని కూర్చున్నాం. మరుసటి ఏడాది సరిగ్గా అదే వారం, అదే లోయకి వేరే పరుపులతో వెళ్తే పొద్దున ఏడున్నర దాకా ఎవరూ కదల్లేదు. తేడా అంతా నేలకీ వీపుకీ మధ్య ఉన్న రెండంగుళాల్లోనే ఉంది.

ఎప్పుడు, ఎన్ని రాత్రులు

మొదటిసారికి రెండు రాత్రులు పెట్టుకోండి. ఒక్క రాత్రయితే టెంట్ వేయడానికీ తీయడానికే సరిపోతుంది, మూడు రాత్రులంటే మధ్యలో వాన పట్టుకుంటే పిల్లలతో కష్టం. జూన్ రెండో వారం నుంచి సెప్టెంబర్ మొదటి వారం దాకా మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ బాగానే ఉన్నా రాత్రిళ్ళు లోయల్లో 5 డిగ్రీల దాకా దిగిపోవచ్చు, ఇంకా కిందికీ వెళ్ళొచ్చు. స్కూలు సెలవులు జూలై చివర్లో మొదలవుతాయి కాబట్టి అప్పటి నుంచి రద్దీ, ఆగస్టు చివరి సోమవారం బ్యాంక్ హాలిడే వారాంతమైతే చెప్పక్కర్లేదు, కనీసం రెండు నెలల ముందు బుక్ చేయాలి. నాకు నచ్చేది జూలై మొదటి రెండు వారాంతాలు. స్కూళ్ళు ఇంకా నడుస్తుంటాయి, జనం తక్కువ, రాత్రి మరీ చలి ఉండదు.

జూన్, జూలైల్లో వెలుతురు సంగతి కూడా గుర్తుంచుకోండి. ఉత్తరం వైపు తొమ్మిదిన్నర దాటాకగానీ పొద్దు కుంకదు, మళ్ళీ ఐదు కాకముందే తెల్లారిపోతుంది. పిల్లలు పడుకోరు, పడుకున్నా త్వరగా లేచేస్తారు. పడక గదిలోకి వెలుతురు రాకుండా నల్లటి గుడ్డతో కుట్టిన టెంట్లు దొరుకుతున్నాయి, చిన్నపిల్లలుంటే అలాంటిదే తీసుకోండి.

ఎక్కడ వేయాలి

అందంగా ఉంది కదా అని ఏ చెరువుగట్టునో టెంట్ వేసేయకండి. ఇంగ్లండ్‌లో భూమి యజమాని ఒప్పుకుంటేనే టెంట్ వేయాలి. స్కాట్లండ్‌లో 2003 నాటి చట్టం ప్రకారం బాధ్యతగా ఉంటే చాలా చోట్ల వేసుకోవచ్చు, ఆ మాట విని ఇక్కడా అంతేననుకుంటారు, కాదు. ఇంగ్లండ్‌లో అలాంటి హక్కు ఉన్నది నైరుతి మూలనున్న డార్ట్‌మూర్ నేషనల్ పార్కులో కొన్ని భాగాల్లోనే, దాని మీద కూడా కోర్టుల్లో పెద్ద గొడవ నడిచి 2025 మే నెలలో సుప్రీంకోర్టు జనం వైపే తీర్పు ఇచ్చింది.

నడవడానికి మాత్రం హక్కు ఉంది, అది ఊరికే రాలేదు. పీక్ డిస్ట్రిక్ట్‌లో కిండర్ స్కౌట్ అనే 636 మీటర్ల గుట్ట ఉంది. ఒకప్పుడు అది భూస్వాముల వేట కోసం, జనం అడుగు పెట్టకుండా కాపలా కాసిన నేల. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్, షెఫీల్డ్ వైపుల నుంచి వందలాది మంది, ఎక్కువమంది మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్ళు, కావాలని దాని మీదికి నడిచి వెళ్ళారు. కొందరు జైలుకెళ్ళారు. తర్వాత 1949లో నేషనల్ పార్కుల చట్టం వచ్చింది, 1951లో దేశంలోనే మొదటి నేషనల్ పార్కుగా పీక్ డిస్ట్రిక్ట్‌నే ప్రకటించారు, 2000 నాటి చట్టంతో ఇలాంటి కొండలూ బీడు భూముల మీద నడిచే హక్కు అందరికీ వచ్చింది. కానీ ఆ చట్టం నడవనిస్తుంది, పడుకోనివ్వదు. అందుకే మనకి క్యాంప్‌సైట్ కావాలి.

ఆ కిండర్ స్కౌట్ పాదాల దగ్గరే ఈడేల్ అనే చిన్న ఊరుంది. మాంచెస్టర్, షెఫీల్డ్, లీడ్స్, బర్మింగ్‌హామ్ వైపు ఉండేవాళ్ళకి మొదటిసారికి నేను చెప్పేది ఈ లోయే. మాంచెస్టర్ నుంచి షెఫీల్డ్ వెళ్ళే పాసింజర్ రైలు అక్కడ ఆగుతుంది, స్టేషన్ నుంచి నడిచి వెళ్ళే దూరంలోనే క్యాంప్‌సైట్లు ఉన్నాయి, పబ్బులున్నాయి, కారు లేకపోయినా ఇబ్బంది లేదు. 268 మైళ్ళు నడిచి స్కాట్లండ్ సరిహద్దు దాటే పెనైన్ వే అనే కాలిబాట మొదలయ్యేది ఆ ఊళ్ళోనే. లండన్ వైపు వాళ్ళకి న్యూ ఫారెస్ట్, సౌత్ డౌన్స్ దగ్గర. ఎక్కడైనా సరే, ఇంటి నుంచి రెండున్నర గంటలకి మించి వద్దు. ఏదైనా తేడా వస్తే రాత్రికి రాత్రి ఇంటికి వచ్చేయగలం అన్న ధైర్యం ఉంటే సగం టెన్షన్ పోతుంది.

బుక్ చేసేటప్పుడు ఆ క్యాంప్‌సైట్‌లో ఏమేం ఉన్నాయో తీరిగ్గా చదవండి. కొన్ని పెద్ద క్యాంప్‌సైట్లు, వేడినీళ్ళ షవర్లు, గిన్నెలు కడుక్కునే సింకులు, చిన్న దుకాణం అన్నీ ఉంటాయి. కొన్ని ఉత్త రైతు పొలాలు. 2023 జూలై నుంచి ఏడాదికి 60 రోజుల దాకా, 50 టెంట్లకి మించకుండా, విడిగా ప్లానింగ్ పర్మిషన్ లేకుండానే పొలంలో క్యాంపింగ్ నడుపుకోవచ్చని రూల్ మార్చారు, దాంతో వేసవిలో చాలామంది రైతులు పచ్చికబయళ్ళు తెరుస్తున్నారు. అవి చాలా బాగుంటాయి, కానీ ఒక కుళాయీ ఒక తాత్కాలిక టాయిలెట్టూ మాత్రమే ఉండొచ్చు. మొదటిసారికి షవర్లున్న చోటే తీసుకోండి, పొలం రెండోసారికి.

టెంట్ వేసే జాగాని ఇక్కడ పిచ్ అంటారు. గడ్డి పిచ్ అడగండి, హార్డ్‌స్టాండింగ్ అని ఉంటే అది కంకర పోసినది, క్యారవాన్లకి బాగుంటుందిగానీ మేకులు దిగవు. రేటు కొన్ని చోట్ల పిచ్‌కి ఇంత అని, కొన్ని చోట్ల మనిషికి ఇంత అని ఉంటుంది, నలుగురు వెళ్తే రెండింటికీ చాలా తేడా వస్తుంది కాబట్టి మొత్తం లెక్కేసి చూసుకోండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది మనవాళ్ళకే ఎక్కువగా ఎదురవుతుంది. మనం ఎక్కడికెళ్ళినా నాలుగైదు కుటుంబాలు కలిసి వెళ్తాం కదా. చాలా క్యాంప్‌సైట్లు గుంపులుగా వచ్చేవాళ్ళని తీసుకోవు, లేదా ముందే చెప్పి పర్మిషన్ తీసుకోమంటాయి. ఎవరికి వాళ్ళు విడివిడిగా బుక్ చేసుకుని అక్కడ కలుద్దాంలే అనుకోకండి. ఫోన్ చేసి, ఇన్ని కుటుంబాలు, ఇంతమంది పిల్లలు, పక్కపక్కన పిచ్‌లు దొరుకుతాయా అని అడగండి. మేము అడిగినప్పుడు మూల పొలం మాకే ఇచ్చారు, పిల్లలు రోజంతా క్రికెట్ ఆడుకున్నారు.

టెంట్, పరుపు, దుప్పటి

టెంట్ మీద నలుగురికి అని రాసి ఉంటే, నలుగురు ఒకరినొకరు ఆనుకుని పడుకుంటే పడతారని అర్థం, సామానుకి చోటు ఆ లెక్కలో లేదు. నలుగురి కుటుంబానికి ఆరుగురి టెంట్ తీసుకోండి. వాన ఆపే శక్తిని మిల్లీమీటర్లలో చెప్తారు, 1500 అనేది వాటర్‌ప్రూఫ్ అనిపించుకోవడానికి కనీసం, ఇంగ్లండ్ వానలకి 3000 దాకా ఉంటే నిశ్చింత. ఊచలు గుచ్చేదా గాలి కొట్టి నిలబెట్టేదా అన్నది మీ ఇష్టం, గాలిది త్వరగా లేస్తుందిగానీ బరువెక్కువ, రైల్లో వెళ్ళేవాళ్ళకి కుదరదు. మొదటిసారి అసలు కొనకండి. ఆఫీసులో ఇంగ్లిష్‌వాళ్ళని ఒక్క మాట అడిగి చూడండి, ఏడాదికి పది నెలలు అటకెక్కి ఉండే టెంట్ చాలామంది ఇళ్ళల్లో ఉంటుంది, సంతోషంగా ఇస్తారు. డబ్బు పెట్టేది ఉంటే పరుపు మీద పెట్టండి.

పరుపు విషయం కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే దుకాణంలో అందరూ తప్పు చేసేది ఇక్కడే. చుట్టాలొచ్చినప్పుడు హాల్లో వేసే గాలి పరుపు ఉంటుంది చూడండి, జానెడు ఎత్తున మెత్తగా ఉంటుంది, చూస్తే ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. కానీ లోపలంతా ఉత్త గాలే. ఆ గాలి లోపల కదులుతూ మన ఒంటి వేడిని కిందికి లాగి నేలకి ఇచ్చేస్తుంది, రాత్రంతా అదే పని. లోపల ఫోమ్ ఉండి దానంతటదే గాలి పీల్చుకునే మ్యాట్‌లు వేరే ఉంటాయి, రెండు మూడు అంగుళాల మందమే అయినా ఫోమ్ గాలిని కదలనివ్వదు కాబట్టి వెచ్చగా ఉంటాయి. మంచివాటి మీద ఆర్ వాల్యూ అని ఒక అంకె ఉంటుంది, ఎంత ఎక్కువైతే అంత వెచ్చన. వేసవికి 3 దాటితే హాయిగా సరిపోతుంది. గాలి పరుపే ఉందంటే పారేయక్కర్లేదు, దాని పైన ఫోమ్ చాప పరిచి, దాని మీద దుప్పటి వేసి పడుకోండి. కప్పుకునేదానికన్నా పరుచుకునేది ఎక్కువ ఉండాలి, ఇదొక్కటి గుర్తుంటే చాలు.

స్లీపింగ్ బ్యాగ్ మీద రెండుమూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. పెద్ద అక్షరాల్లో ఉన్నదాన్ని కాకుండా కంఫర్ట్ అని ఉన్న అంకెని చూడండి, అది 5 డిగ్రీలో అంతకన్నా తక్కువో ఉండాలి. లిమిట్ అన్న అంకె దగ్గర నిద్ర పట్టదు. పడుకునే ముందు పగలు వేసుకున్న బట్టలన్నీ మార్చేయాలి, సాక్సులతో సహా, వాటిలో చెమట తడి ఉంటుంది, ఆ తడే చలి పెడుతుంది. ఉన్ని టోపీ, ఒక హాట్ వాటర్ బ్యాగ్ పిల్లల కాళ్ళ దగ్గర పెడితే చాలు.

అమ్మానాన్నలో అత్తమామలో ఇండియా నుంచి వచ్చి ఉంటే వాళ్ళని ఇంట్లో వదిలేసి వెళ్ళకండి. మోకాళ్ళ నొప్పులుంటే నేల మీద నుంచి లేవలేరు కాబట్టి మడత మంచం తీసుకోండి, కాకపోతే దాని కింద నుంచి గాలి ఆడుతుంది, దాని మీద కూడా మ్యాట్ వేయాలి. పిచ్ టాయిలెట్లకి దగ్గరగా అడగండి. అదీ కష్టమనుకుంటే చాలా క్యాంప్‌సైట్లలో చెక్కతో కట్టిన చిన్న పాడ్‌లు ఉంటాయి, వాళ్ళకది, పక్కనే మీకు టెంట్.

వెళ్ళే ముందు వారం టెంట్‌ని ఇంటి వెనక గార్డెన్‌లో ఒకసారి వేసి చూడండి. మేకులన్నీ ఉన్నాయా, ఊచ ఏదైనా విరిగిందా, ఏ తాడు ఎక్కడికి వస్తుందో అప్పుడే తెలుస్తుంది. వీలైతే ఒక రాత్రి పిల్లలతో అందులోనే పడుకోండి, పరుపు సంగతి అక్కడే తేలిపోతుంది.

తిండి

తిండి విషయంలో మనవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదుగానీ, రెండు సంగతులు తెలియాలి.

ఒకటి, కరెంటు. ఎలక్ట్రిక్ హుక్‌అప్, అంటే కరెంటు కనెక్షన్, ఉన్న పిచ్ తీసుకుంటే రైస్ కుక్కర్ పట్టుకెళ్ళొచ్చు. కానీ అక్కడ వచ్చేది చాలాచోట్ల 10 ఆంప్సే, అంటే దాదాపు 2300 వాట్లు. ఇంట్లో వాడే కెటిల్ ఒక్కటే 3000 వాట్లు లాగుతుంది, పెట్టగానే కరెంటు పోతుంది, మళ్ళీ రిసెప్షన్‌కి వెళ్ళి వేయించుకోవాలి. చిన్న రైస్ కుక్కర్ 500, 700 వాట్ల మధ్య ఉంటుంది, దానికేం ఇబ్బంది లేదు. అన్నం ఉడుకుతున్నప్పుడు ఇంకేదీ పెట్టకండి. నీలం రంగు గుండ్రటి ప్లగ్గు ఉన్న ప్రత్యేకమైన కేబుల్ కావాలి, అది చుట్ట పూర్తిగా విప్పి వాడాలి, చుట్ట మీదే ఉంటే వేడెక్కుతుంది.

రెండోది, గ్యాస్. ఒక పొయ్యి, డబ్బాల్లో దొరికే బ్యూటేన్ గ్యాస్ చాలు, వేసవిలో బాగానే మండుతుంది, సున్నా దగ్గరికి చలి దిగితే మాత్రం మంట రాదు. వాన పడుతున్నా సరే టెంట్‌లోపల పొయ్యి వెలిగించకండి. బొగ్గుల బార్బెక్యూ విషయంలో ఇంకా జాగ్రత్త. ఆరిపోయినట్టు కనిపించే బొగ్గులు కూడా గంటల తరబడి కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి, దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలిగా ఉంది కదా అని ఆ ట్రేని టెంట్‌లోకో ముందు వసారాలోకో తెచ్చుకుని చనిపోయిన కుటుంబాలున్నాయి. ఎవరెంత చలి అన్నా తేవద్దు. కార్బన్ మోనాక్సైడ్ అలారం చిన్నదొకటి కొని టెంట్‌లో పెట్టుకోండి.

ఇక వంట. మొదటి రోజు రాత్రికి ఇంట్లో కలిపిన పులిహోరే, దానికి మించింది లేదు, టెంట్ వేసి అలిసిపోయాక పొయ్యి వెలిగించే ఓపిక ఎవరికీ ఉండదు. రెండో రోజుకి కోడికూర ముందే వండి డబ్బాలో గట్టిగా గడ్డ కట్టించండి, అది ఐస్ బాక్స్‌లో పాలకీ పెరుగుకీ ఐసుముక్కలా పనిచేస్తుంది, మర్నాడు సాయంత్రానికి కరుగుతుంది, బాగా మరిగేలా వేడి చేసుకోవడమే. పొద్దున టిఫిన్‌కి నేను చేసేది చెప్తాను. ఇంట్లోనే నెయ్యి వేసి ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, జీడిపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు వేయించి, కరివేపాకు గలగలలాడాక రవ్వ పోసి దోరగా వేపి, ఉప్పు కలిపి, పూర్తిగా చల్లారాక డబ్బాకెత్తుతాను. అక్కడ చేయాల్సిందల్లా గ్లాసు రవ్వకి రెండున్నర గ్లాసుల నీళ్ళు మరిగించి పోయడమే. ఐదు నిమిషాల్లో ఉప్మా. పొలం మధ్యలో, పొగమంచులో, ఆ కరివేపాకు వాసన వస్తుంటే పక్క టెంట్ ఆవిడ వచ్చి ఏంటది అని అడిగింది, ఒక కప్పు ఇచ్చాం, మధ్యాహ్నానికి మా పిల్లలకి కేకు ముక్కలొచ్చాయి.

కందిపొడి, నెయ్యి, చిన్న సీసాలో ఆవకాయ. ఆ సీసాని రెండు జిప్ కవర్లలో పెట్టండి, ఆ నూనె టెంట్ గుడ్డకి అంటితే పోదు. గిన్నెలు కడిగేచోట మెతుకులు సింకులో వదలకండి, ముందే టిష్యూతో తుడిచి చెత్తబుట్టలో వేసేయండి, సింకు పూడిపోతే వెనకవాళ్ళంతా ఇబ్బంది పడతారు.

వెళ్ళే రోజు

మధ్యాహ్నం మూడుకల్లా చేరేలా బయల్దేరండి. చాలా సైట్లు ఒంటిగంట, రెండింటి నుంచి లోపలికి రానిస్తాయి, కనుక్కోండి. చివరి నాలుగైదు మైళ్ళు రోడ్లు చాలా సన్నగా, రెండు పక్కలా రాతిగోడలతో ఉంటాయి, ఎదురుగా ట్రాక్టర్ వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్ళాలి, రివర్స్‌లో ధైర్యంగా నడపగలిగినవాళ్ళు స్టీరింగ్ పట్టుకోండి. ఫోన్ సిగ్నల్ ఉండకపోవచ్చు. బుకింగ్ కాగితం, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. నడవడానికైతే ఆర్డ్‌నెన్స్ సర్వే అనే మ్యాపుల సంస్థ వాళ్ళ నారింజ రంగు అట్ట మ్యాపు కాగితంది కొనండి, ఈడేల్, కిండర్ వైపుకి ఓఎల్ 1 నంబరు. ప్రతి గోడా, ప్రతి దడీ అందులో ఉంటుంది, పిల్లలకి మ్యాపు చూడటం నేర్పడానికి ఇంతకన్నా మంచిది లేదు.

చేరగానే తినడం, తిరగడం తర్వాత, ముందు టెంట్. పల్లంలో వేయకండి, వాన పడితే నీళ్ళన్నీ అక్కడికే చేరతాయి, చల్లగాలి కూడా అక్కడే దిగుతుంది. చెట్టు కింద వద్దు, వాన ఆగాక కూడా గంటసేపు ఆకుల మీంచి చినుకులు పడుతూనే ఉంటాయి, గాలికి కొమ్మ విరిగితే ఇంకా ప్రమాదం. పచ్చిక మీద ఒకసారి పడుకుని చూడండి, వాలు తెలుస్తుంది, తల ఎత్తు వైపు ఉండాలి. ఈ దేశంలో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది, టెంట్ వెనకభాగం అటు పెట్టి గుమ్మం దానికి ఎదురు దిక్కున వచ్చేలా వేయండి. మేకు తల టెంట్‌కి దూరంగా వాలి ఉండేలా 45 డిగ్రీల్లో దించాలి. ఎండగా ఉంది కదా అని తాళ్ళు కట్టకుండా వదలకండి, రాత్రి గాలి లేచాక చీకట్లో వానలో కట్టుకోవాల్సి వస్తుంది. పక్క టెంట్‌కి 6 మీటర్ల దూరం వదలండి, నిప్పంటుకుంటే పాకకుండా ఉండటానికి ఆ లెక్క.

రాత్రి

పది, పదకొండు తర్వాత సైట్ మొత్తం నిశ్శబ్దంగా ఉండాలి. టెంట్‌కి గోడలుండవు, మనం మామూలుగా మాట్లాడుకునే మాట కూడా నాలుగు టెంట్ల అవతలికి వినిపిస్తుంది. కారు తాళం తీస్తే వచ్చే కీచు శబ్దం కూడా అంతే. కావాల్సినవన్నీ తొమ్మిదిన్నరకే కారులోంచి తీసి లోపల పెట్టుకోండి. తలకి కట్టుకునే టార్చి మనిషికొకటి ఉండాలి, చెప్పులు గుమ్మం లోపలే ఒకే చోట ఉండాలి. టాయిలెట్లలో కాగితమే ఉంటుంది, మనకి అలవాటైన నీళ్ళ కోసం ఒక ప్లాస్టిక్ మగ్గో ఖాళీ సీసానో సంచిలో పెట్టుకోండి, ఈ చిన్న వస్తువు మర్చిపోయి ఇబ్బంది పడిన అనుభవం నాకుంది.

పొద్దున లేచేసరికి టెంట్ లోపలి వైపు నీటిబొట్లు కనిపిస్తే కారుతోందని కంగారు పడకండి. అది మన ఊపిరే. పైనున్న చిన్న కిటికీలు రాత్రంతా తెరిచే ఉంచాలి, చలి వేస్తుందని మూసేస్తే తడి ఇంకా ఎక్కువవుతుంది.

కిందటేడు మా అత్తయ్య వచ్చినప్పుడు ఈడేల్‌కే తీసుకెళ్ళాం. ఐదింటికి నాకు మెలకువ వచ్చి చూస్తే ఆవిడ అప్పటికే బయట మడతకుర్చీలో శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. లోయలో పొగమంచు నడుం ఎత్తున నిలిచి ఉంది, గొర్రెల తలలు మాత్రం కనిపిస్తున్నాయి, గడ్డి మీద మంచుకి ఆవిడ చీర అంచు తడిసిపోయింది. టీ ఇస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, "అమ్మాయ్, కుప్పనూర్పిళ్ళప్పుడు మీ మావయ్యగారూ నేనూ కళ్ళం కాడే పడుకునేవాళ్ళం. పొద్దున్నే ఇదే వాసన వచ్చేది" అంది. పెళ్ళయి పన్నెండేళ్ళలో ఆ కళ్ళం కబుర్లు నేను ఎప్పుడూ వినలేదు. ఎనిమిదింటి దాకా చెప్తూనే ఉంది.

పగలు

రెండో రోజుకి ఒక్క నడక చాలు. ఈడేల్ నుంచయితే ఎదురుగా కనిపించే మామ్ టోర్, 517 మీటర్లు. శిఖరం దాకా రాళ్ళు పరిచిన బాట ఉంది. పెద్దవాళ్ళుంటే కారులో దాదాపు పైదాకా వెళ్ళి అక్కడి నుంచి ఇరవై నిమిషాల్లో ఎక్కొచ్చు. ఆ కొండ అడుగున మెత్తటి పొరలుండటం వల్ల శతాబ్దాలుగా జారుతూనే ఉంది, దాని పక్కగా వెళ్ళే పాత రోడ్డుని ఎన్నిసార్లు బాగుచేసినా విరిగిపోతుంటే 1979లో పూర్తిగా మూసేశారు. ఇప్పటికీ ఆ తారు రోడ్డు నిలువునా చీలి, మధ్యలో తెల్లగీతతో సహా మెట్లుమెట్లుగా కుంగిపోయి ఉంది. మా పిల్లలు శిఖరం కన్నా అక్కడే ఎక్కువసేపు ఉన్నారు, పొరల మీద పొరలు లెక్కపెడుతూ. కిందికి దిగితే కాసిల్టన్, అక్కడ గుహలున్నాయి, వాన పడితే అటు వెళ్ళండి.

పసుపు బాణం గుర్తున్న దారి నడిచేవాళ్ళది, పొలాల మధ్య నుంచి వెళ్ళినా సరే మనకి హక్కుంది. గేటు మూసి ఉంటే దాటాక మూయండి, తెరిచి ఉంటే తెరిచే ఉంచండి, పశువులు నీళ్ళ దగ్గరికి వెళ్ళడానికి రైతు అలా వదిలి ఉంటాడు. రాతిగోడ ఎక్కకండి, సున్నం లేకుండా ఉత్త రాళ్ళు పేర్చి కట్టినది, పడిపోతుంది. దూడలతో ఉన్న ఆవుల మధ్య నుంచి వెళ్ళకండి, దూరంగా చుట్టూ తిరిగి వెళ్ళండి. మన ఊరి ఆవుల్లా ఉంటాయనుకుని పిల్లలు నిమరడానికి వెళ్తారు, ఆపాలి.

గడ్డిలో, ఫెర్న్ పొదల్లో టిక్స్ అనే పిడుదులుంటాయి, లైమ్ వ్యాధి వాటివల్లే వస్తుంది. సాయంత్రం మోకాళ్ళ వెనక, చంకల్లో, పిల్లలకైతే తలలో వెతకండి. కనిపిస్తే నలపకుండా, సన్నటి ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నెమ్మదిగా పైకి లాగాలి. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రగా పెరుగుతూ పోయే మచ్చ కనిపిస్తే డాక్టర్‌కి చూపించండి. జూన్, జూలైల్లో గడ్డి పుప్పొడి ఎక్కువ, హే ఫీవర్ ఉన్నవాళ్ళు మందు మర్చిపోకండి. కొండ మీద ఏదైనా జరిగితే 999కి చేసి ముందు పోలీసుల్ని, ఆ తర్వాత మౌంటెన్ రెస్క్యూని అడగాలి. సిగ్నల్ లేకపోతే నిమిషంలో ఆరుసార్లు విజిల్ ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదాలి. ఒక విజిల్ ప్రతి పిల్లాడి మెడలో వేయండి, ఊరికే ఊదకూడదని చెప్పి.

తిరిగి వచ్చేటప్పుడు టెంట్ తడిగా ఉంటే అలాగే చుట్టి తెచ్చుకోవచ్చు, కానీ ఆ రోజే విప్పేయాలి. రెండు రోజులు సంచిలో ఉంటే బూజు పట్టి ఇక ఆ వాసన పోదు. గార్డెన్‌లో ఎండ లేకపోతే మేము మెట్ల కటకటాల మీదా, డైనింగ్ కుర్చీల మీదా పరిచేస్తాం, రెండు రోజులు ఇల్లంతా ఆకుపచ్చ గుడ్డే. అది తుడిచేటప్పుడు మేకులు లెక్కపెట్టి, వంగినవి తీసేసి, కొత్తవి వేసి కట్టేయండి, సంచి మీద ఒక కాగితం ముక్క అంటించి ఈసారి ఏం తక్కువైందో రాయండి. మా సంచి మీద ఇప్పుడున్న కాగితంలో మూడే ఉన్నాయి: ఇంకో మ్యాట్, చిన్న సుత్తి, అత్తయ్యకి ఉన్ని సాక్సులు.